పలుపు లేని కంప్యూటరు

చంద్రరావుగారు కంప్యూటరు కొనబోతున్నారనీ, రెండు పూటలు పాలు పిండి చూస్తేగానీ డబ్బు ఇవ్వనని అమ్మేవాళ్లకి కబురు చేశారనీ పెద్దింట్లమ్మ చెప్పిందట. చెప్పింది పాపాయమ్మకి. పాపాయమ్మ ఆ మాటను పాలకేంద్రం దాకా మోసుకెళ్లేసరికి దానికి మీగడ కట్టింది. అక్కడ వరసలో చివర నిలబడ్డవాడికి అది చూడి కంప్యూటరని తెలిసింది.

తీరా చూస్తే ఇందులో పెద్దింట్లమ్మ కల్పించింది తక్కువే. ఆవిడ ఇంటికీ చంద్రరావుగారి ఇంటికీ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. ఆ గోడకి చెవులు అక్కర్లేదు, పెద్దింట్లమ్మవి ఉన్నాయి.

చంద్రరావుగారిది సఖినేటిపల్లి రేవుకి కాస్త ఇవతల ఊరు. చుట్టుపక్కల ఎవరు గేదెను కొనాలన్నా ముందు ఆయన్ని బతిమాలి తీసుకెళ్తారు. దూరం నుంచి నడక చూసి ఎన్నో ఈతో, అంటే ఎన్నిసార్లు ఈనిందో చెబుతారు. నడుం మీద చెయ్యి వేసి అది తన్నేదో కాదో చెబుతారు. ఆయన సరేనన్న గేదె కొత్త ఇంట్లో పాలు ఎగ్గొట్టిన దాఖలా లేదు. అలాంటి మనిషి గడపలోకి, ఒకరి ఇంట్లో ఏళ్ల తరబడి చాకిరీ చేసిన పాత సరుకు వస్తోందంటే, ఆయన చెయ్యి పడకుండా ఎలా వస్తుంది?

కంప్యూటరు అవసరం మాత్రం ఆయనది కాదు, కోడలు హారతిది. బీకాం చదివి, పెళ్లయ్యాక ఆ చదువును పాలకేంద్రం చీటీలు సరిచూడటానికి వాడుతున్న హారతికి, ఆత్రేయపురం నుంచి పూతరేకులు ఊరూరా పంపే ఒక కంపెనీ ఉద్యోగం ఇచ్చింది. ఇంట్లో కూర్చునే ఆర్డర్లు చూసుకోవచ్చు. షరతు ఒక్కటే, సొంత కంప్యూటరు ఉండాలి. సోమవారం ఉదయానికి సిద్ధంగా లేకపోతే ఆ పని కోసం ఇంకో అమ్మాయి కాచుకుని ఉంది. కొత్తది కొనే తాహతు లేదు. భర్త గణేష్‌బాబు వాకబు చేయగా, నరసాపురంలో విజయ్ పాల్ అనే లెక్కల మాస్టారు లాప్‌టాప్ కొనుక్కుని పాత డెస్క్‌టాప్ అమ్మేస్తున్నాడని తెలిసింది.

గురువారం ఉదయం అనుకున్నది చాలా చిన్న సంగతి. రేవు దాటి వెళ్లాలి, చూడాలి, బాగుంటే తెచ్చుకోవాలి. హారతి తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని వచ్చింది.

"నువ్వెక్కడికమ్మా?" అన్నారు చంద్రరావుగారు.

"చూడ్డానికండి, కంప్యూటరుని."

"నువ్వెందుకు? గేదెని కొనడానికి పాలు తాగేవాళ్లందరూ వెళ్తారా?"

"మామయ్యగారూ, ఇది గేదె కాదండి."

"పాతదేనా?"

"పాతదేనండి."

"ఒకరింట్లో పనిచేసి వస్తోందా?"

"అవునండి."

"అయితే గేదే."

హారతి భర్త వైపు చూసింది. గణేష్‌బాబు ఎవరేమన్నా "అదీ నిజమేలే" అనే మనిషి. ఆ మాటతోనే బడి, ఉద్యోగం, పెళ్లి అన్నీ దాటుకొచ్చాడు. ఇప్పుడూ అదే అన్నాడు. ఆమె అతన్ని వంటింట్లోకి లాక్కెళ్లి, ఏమేం చూడాలో, ఏమేం అడగాలో చెప్పింది. ముఖ్యంగా వైర్లు ఒక్కటి కూడా మర్చిపోవద్దని చెప్పింది. అతను తల ఊపాడు. ఊపిన తలలో ఏదీ నిలవదని తెలిసి కూడా ఆమె చెప్పింది, పెళ్లాం కాబట్టి.

తండ్రీ కొడుకులు ట్రాలీ ఆటో మాట్లాడుకుని, పంటు మీద గోదారి దాటి, విజయ్ పాల్ ఇంటికి చేరారు. ఆ ఇంటి పెరట్లో రెండు గేదెలున్నాయి. చంద్రరావుగారు చెప్పులు విప్పి ఇంట్లోకి వెళ్లకుండా నేరుగా పశువుల పాకలోకి వెళ్లారు. పేడ తీస్తున్న విజయ్ పాల్ తల్లి బేబి గారు, వచ్చినాయన గేదె నడుం మీద చెయ్యి వేసిన తీరు చూసి పెద్దమనిషని గ్రహించారు.

"మూడో ఈతండీ ఇది?" అన్నారాయన.

"ఆయ్, మూడోదేనండి. మీరు చూడగానే చెప్పేశారు."

ఇక ఆ ఇద్దరి మధ్యా పరిచయాలు అక్కర్లేకపోయాయి. ఆవిడ ఆయన్ని అన్నయ్యగారూ అంది, ఆయన ఆవిడని చెల్లెమ్మా అన్నారు. గంట తరవాత, బడికి టైమవుతోందని విజయ్ పాల్ గుమ్మంలో నిలబడి మూడోసారి దగ్గితేగానీ ఎవరికీ కంప్యూటరు గుర్తు రాలేదు.

అది కిటికీ పక్కన బల్ల మీద ఉంది. విజయ్ పాల్ మీట నొక్కాడు. తెర మీద నీలాకాశం, పచ్చని కొండ వచ్చాయి. చంద్రరావుగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, పక్కన అరిచేయి పెట్టి వెచ్చదనం చూశారు.

"ఎన్నో ఈత?" అన్నారు.

తల్లి వైపు చూశాడు విజయ్ పాల్. "ఎన్ని చేతులు మారిందని అడుగుతున్నార్రా," అంది ఆవిడ.

"మొదటి చెయ్యేనండి. నేనే కొన్నాను. తొమ్మిదేళ్లయింది."

"నిన్న వాడారా?"

"లేదండి. మొన్న సాయంత్రం ఆపేశాను."

చంద్రరావుగారు కొడుకు వైపు చూసి, గుసగుస అనుకుని వాకిలి దాకా వినపడేలా చెప్పారు. "చూశావా. పూట ఆపి పొదుగు చూపిస్తున్నాడు."

గేదెను అమ్మేవాళ్లు ఒక పూట పాలు తీయకుండా ఆపి, నిండు పొదుగు చూపించి బేరం కుదుర్చుకోవడం ఉన్నదే. కానీ లెక్కల మాస్టారిని ఎవరూ అంతకుముందు ఆ మాట అనలేదు. విజయ్ పాల్ ముఖం ఎర్రబడింది. "ఏంటండీ బాబాయ్‌గారూ ఆ మాట. నేను సండే స్కూల్లో పిల్లలకి పాఠం చెప్పేవాణ్ని."

"నువ్వుండ్రా," అంది బేబి గారు. "పాతది కొనేవాళ్లకి సవాలక్ష అనుమానాలుంటాయి. మనం గేదెని కొన్నప్పుడు మీ నాన్న అనలేదా?"

మాస్టారు విసురుగా బడికి వెళ్లిపోయాడు. బేబి గారు చేపల పులుసుతో భోజనం పెట్టింది. ధర తేలింది. ఒక పూట అమ్మేవాళ్ల రాటకి చూశారు కాబట్టి, రెండో పూట తమ రాటకి కట్టి చూసుకుని, నచ్చితేనే డబ్బు పంపుతానన్నారు చంద్రరావుగారు. న్యాయంగానే ఉందంది బేబి గారు.

గణేష్‌బాబు బల్ల వెనక దూరి, చేతికి అందిన వైర్లన్నీ పీకి ఒక కట్టగా పట్టుకుని లేచాడు. గుమ్మంలో నిలబడ్డ బేబి గారి ముఖం మారింది.

"బాబూ, అవి కూడా పట్టుకుపోతున్నావా?"

"ఆయ్, తాళ్లేనండి."

ఆవిడ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ చంద్రరావుగారి వైపు తిరిగింది. "ప్రభువుని నమ్ముకున్న వాళ్లమేననుకోండి, అయినా పశువుల దగ్గర పెద్దల మాట పెద్దలదే. మా మావగారి కాలం నుంచీ పశువుని ఇచ్చాం గానీ పలుపు ఎవరికీ ఇవ్వలేదండి. మరి కంప్యూటరుకి అది వర్తిస్తుందో లేదో, నాకు తెలీదు. అన్నీ తెలిసినవారు, మీరే చెప్పాలి అన్నయ్యగారూ."

గేదెను అమ్మినప్పుడు కట్టుతాడు ఇవ్వరు. ఇస్తే పాకలో ఉన్న కలిసొచ్చే గుణం కూడా దానితోపాటే పోతుందంటారు. కొనేవాడు తన పలుపు తాను తెచ్చుకోవాలి. అది తెలియనివాడు బేరానికే పనికిరాడు. అంతటి చంద్రరావుగారిని ఒక ఆడమనిషి పెద్దరికం ఇచ్చి అడిగాక ఆయన నోట ఇంకో మాట ఎలా వస్తుంది?

"గణేషూ, వదిలెయ్ ఆ తాళ్లు," అన్నారు. "చంద్రరావు ఒకరింటి పలుపు పట్టుకుపోయాడని రేపు ఎవరూ అనకూడదు."

"హారతి వైర్లు మర్చిపోవద్దని..."

"మన పలుపు మనకి లేదా?"

"అదీ నిజమేలే," అన్నాడు గణేష్‌బాబు.

కీబోర్డుకీ మౌసుకీ ఉన్న వైర్లు పుట్టుకతో వచ్చిన తోకలు కాబట్టి వాటి జోలికి ఎవరూ పోలేదు. మిగతా తాళ్లన్నీ బేబి గారి చేతిలో పడ్డాయి. పంటు మీద గోదారి దాటుతున్నంతసేపూ, అది బెదరకుండా చంద్రరావుగారు కంప్యూటరు మీద చెయ్యి వేసే ఉంచారు.

ఇంటి దగ్గర హారతి గోనెపట్టా విప్పి, అటు వెతికి, ఇటు వెతికి, ఆటో కూడా వెతికి వచ్చింది. "వైర్లేవండి?"

చంద్రరావుగారు జరిగింది చెప్పారు. చెప్పడం కాదు, ఒక ధర్మం నిలబెట్టిన మనిషి చెప్పినట్టు చెప్పారు. వింటూ వింటూ హారతి అరుగు మీద కూలబడింది.

"కరెంటు తాడే కదమ్మా," అంటూ ఆయన వంటింట్లోకి వెళ్లి, భార్య అచ్చాయమ్మ చూస్తుండగానే రైస్ కుక్కర్ వైరు పీకి తెచ్చారు. అది కంప్యూటరు పెట్టెకి సరిగ్గా సరిపోయింది. తెరకి ఇంకోటి కావాల్సి వచ్చింది. గోడ మీదుగా పెద్దింట్లమ్మ కుక్కర్ వైరు కూడా వచ్చింది. ఆ పూట రెండిళ్లలో అన్నం కట్టెల పొయ్యి మీద ఉడికింది. అచ్చాయమ్మ గిన్నెలతో, పెద్దింట్లమ్మ గొంతుతో తమ అభిప్రాయం తెలియజేశారు.

పెట్టెలో దీపం వెలిగింది. లోపల ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది.

"ఈ పెట్టెకీ ఈ తెరకీ మధ్య ఒక వైరుండాలండి. అది ఉంటేనే బొమ్మ వస్తుంది," అంది హారతి.

"పక్కపక్కనే ఉన్నాయి కదమ్మా. తల్లినీ దూడనీ తాడేసి కలుపుతారా ఎక్కడైనా? కొత్త చోటు కదా, బెదిరింది. కాసేపుంటే అదే పాలు చేపుతుంది."

"చేపదండి. వాళ్లకి ఫోన్ చేసి ఆ వైరు అడుగుదాం."

"పలుపు అడగడమా? ఆ ఇంటి కలిమి ఇచ్చెయ్యమని అడగడమే అది. నా కంఠంలో ప్రాణం ఉండగా అడగను."

"పోనీ మలికిపురంలో దొరుకుతుందండి. చిన్న వైరు. కొనేద్దాం."

"కొంటామో లేదో తేలకుండా దానికి ఖర్చేంటి? పరాయి గేదెకి తవుడు పెడతామా?"

"కొనాలో లేదో తేలాలంటే అది వెలగాలండి."

"వెలిగితే కొంటాం."

"వెలగాలంటే వైరు కొనాలండి."

"కొనేది తేలితే వైరు కొంటాం."

"అదీ నిజమేలే," అన్నాడు గణేష్‌బాబు. ఏది నిజమో ఎవరూ అడగలేదు.

మర్నాడు శుక్రవారం. లక్ష్మీదేవి రోజు కాబట్టి పొద్దున్నే ఇంట్లోంచి డబ్బు పోకూడదని అచ్చాయమ్మ చెప్పింది. అసలు కోపం కుక్కర్ గురించి. చంద్రరావుగారు మడత కుర్చీ తెచ్చి కంప్యూటరు ఎదురుగా వేసుకుని కూర్చున్నారు. తేలేదాకా పరాయి సొత్తు కాబట్టి ఎవరూ ముట్టుకోకూడదన్నారు. చప్పుడు చేయొద్దన్నారు. పాకలో పశువు బెదిరితే వేసినట్టే సాంబ్రాణి పొగ వేయబోతే, హారతి ధూపం గిన్నె చేతిలోంచి లాక్కుపోయి తులసికోట దగ్గర పెట్టింది. ఆమెకి ఆ ఇంట్లో పెద్దాయన చేతిలోంచి ఏదైనా లాక్కోవడం అదే మొదలు.

పది గంటలకి పెద్దింట్లమ్మ తన కుక్కర్ వైరు కోసం గోడ మీదుగా తొంగి చూసింది.

"వెలిగిందా అన్నయ్యగారూ?"

"లేదమ్మా. ఇంకా చేపలేదు."

ఆవిడ వైరు సంగతి మర్చిపోయి వెనక్కి తిరిగింది. మధ్యాహ్నానికి ఊళ్లో తెలిసింది, నరసాపురం మాస్టారొకడు చచ్చిన కంప్యూటరుని చంద్రరావుగారికి అంటగట్టాడని. మూడింటి పంటు మీద ఆ మాట రేవు దాటింది. సాయంత్రం బడి వదిలేసరికి విజయ్ పాల్ కూర్చున్న స్టాఫ్ రూములో, ఆయన ఎదురుగానే, అమ్మింది ఆయనేనని తెలియనివాడొకడు ఆ కథ ఆయనకే చెప్పాడు.

ఫోన్ మోగింది. చంద్రరావుగారు స్పీకర్ నొక్కితేగానీ మాట్లాడరు.

"ఏవండీ, నేను చచ్చిన కంప్యూటరు అమ్మానని చెప్పారంట." నిన్నటి బాబాయ్‌గారు లేరు, ఉత్త ఏవండీ.

"నేను చెప్పలేదు. ఊరు చెప్పింది."

"ఊరికెవరు చెప్పారు?"

"అడిగితే వెలగలేదన్నాను. వెలగనిదాన్ని వెలిగిందనమంటారా?"

"మీ కళ్లముందే వెలిగింది కదండీ."

"మీ రాటకి వెలిగింది. మా రాటకి వెలగలేదు. ఇలాంటి గేదెల్ని నేను చాలా చూశాను మాస్టారూ."

"అయితే నా కంప్యూటరు నాకు తెచ్చి అప్పగించండి. సోమవారం ట్యూషన్ సెంటరు వాళ్లు పట్టుకెళ్తారు. మీలాంటి వాళ్లకి నేను అమ్మను."

"అమ్మమని నిన్ను బతిమాలింది ఎవరు?" అని చంద్రరావుగారు అనేసరికి ఫోను ఎప్పుడో పెట్టేశాడు.

ఇంతకాలం ఊళ్లవాళ్లకి గేదెలు కొనిపెట్టిన మనిషిని, నీలాంటివాడికి అమ్మనన్నాడు. చంద్రరావుగారు పొద్దున్నే ఆటో పిలవమన్నారు. దాన్ని పట్టుకెళ్లి వాడి గుమ్మంలో పడేసి, నాలుగూ కడిగేసి వస్తానన్నారు.

అప్పుడు హారతి లేచి ఎదురుగా వచ్చింది. కొంగు నడుముకి దోపుకుని ఉంది.

"తీసుకెళ్లకండి మామయ్యగారూ. తీసుకెళ్తే మనదే తప్పని ఒప్పుకున్నట్టు. పశువు మన రాటనే ఉండాలి. మాట వాళ్ల గుమ్మంలో తేలాలి."

చంద్రరావుగారు కోడల్ని కొత్తగా చూశారు. "నిజం."

"మిమ్మల్ని అంత మాటన్నాక ఒంటరిగా వెళ్తారా? ఆయన్ని తీసుకెళ్లండి. అత్తయ్యగారిని తీసుకెళ్లండి, అవతల ఆడమనిషి ఉంది కదా. వెలగలేదన్నదానికి పెద్దింట్లమ్మ గారు సాక్షి, ఆవిడా ఉండాలి. గట్టిగా అడగండి. తేలేదాకా రాకండి."

"మరి నువ్వు?"

"పాలు తాగేవాళ్లందరూ ఎందుకండి," అంది హారతి.

ఇన్నాళ్లకి కోడలికి ఇంటి పరువు పట్టిందని చంద్రరావుగారు ముచ్చటపడ్డారు. పెద్దింట్లమ్మ అప్పటికే గోడ అవతల ఏ చీర కట్టుకోవాలో ఆలోచిస్తోంది.

శనివారం ఉదయం నలుగురూ పంటు ఎక్కారు. రెండో శనివారం కాబట్టి మాస్టారు ఇంట్లోనే ఉన్నాడు. వీళ్లు దిగడం చూసి, బేబి గారు కాళ్లకి నీళ్లిచ్చి, చాప వేసి, ఎసట్లో ఇంకో నాలుగు గ్లాసుల బియ్యం పోసింది. పోట్లాటకి వచ్చినా మనుషులు మనుషులే. ఆ మాటకొస్తే గోదారి జిల్లాల్లో అన్నం పెట్టకుండా పోట్లాడితే ఆ పోట్లాట చెల్లదు.

కనుక అసలు తగువు విస్తళ్ల ముందు మొదలైంది.

"మిమ్మల్ని నమ్మి తీసుకెళ్లామండి," అన్నారు చంద్రరావుగారు. "ఇంత మోసం అనుకోలేదు."

"మోసమంటే మర్యాదగా ఉండదండి," అన్నాడు విజయ్ పాల్. "ఇంకొంచెం పులుసు వేయించుకోండి."

"చాలు. నిన్న రోజంతా కూర్చున్నాను దాని ముందు. ఒక్క చుక్క లేదు."

"నేను సాక్షి," అంది పెద్దింట్లమ్మ. "నా కుక్కర్ వైరు కూడా ఇచ్చాను. వదినగారూ, ఈ వంకాయ కూరలో అల్లం వేశారా?"

"ఆయ్, కొంచెమండి. మా అబ్బాయి చచ్చింది అమ్మాడని మీరేనంట కదండీ ఊళ్లో చెప్పింది?"

"నేననలేదు. పాపాయమ్మ అంది."

అచ్చాయమ్మ ఏ గొడవలోకీ రాకుండా తింటోంది. మూడు పూటల తరవాత ఆవిడ వండకుండా దొరికిన అన్నం అది. సరిగ్గా అప్పుడే పెరట్లో దూడ అరిచింది. అలవాటు చొప్పున చంద్రరావుగారు తలెత్తి చూశారు. లేగదూడ రాటకి కట్టి ఉంది. మెడలో నల్లగా, లావుగా, నున్నటి తాడు. తాడు చివర నీలం రంగు తల, ఆ తలకి అటూ ఇటూ రెండు చిన్న మరలు.

విజయ్ పాల్ కూడా అటే చూశాడు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అమ్మా, దూడకి కట్టిందేంటి?"

"పలుపు," అంది బేబి గారు. "కంప్యూటరుది. ఉంచుకున్న పలుపుని ఊరికే వేలాడదీయకూడదు, ఇంకో జీవానికి కట్టాలి. అన్నయ్యగారే వదిలెయ్యమన్నార్రా. ఎంత పెద్దమనసు."

మాస్టారు విస్తరి ముందు నుంచి లేచాడు. "వైరే తీసుకెళ్లకుండా, వెలగలేదని ఊరంతా టముకు వేశారా మీరు?"

"అది మీ ఇంటి పలుపు," అన్నారు చంద్రరావుగారు, తగ్గకుండా. "మీ ఇంటి మంచికోరి వదిలేశాను. దానికి ఇదా బహుమానం?"

"అది పలుపు కాదండీ బాబూ."

"పలుపు కాకపోతే దూడ ఎందుకు ఆగింది?"

లెక్కల మాస్టారు ఎంగిలి చేత్తోనే పెరట్లోకి వెళ్లి వైరు ముడి విప్పాడు. కట్టు సడలిందని దూడకి ముందు తెలిసింది. తెలిసిన మరుక్షణం అది ఆయన్నీ, వైరు కొస పట్టుకోబోయిన గణేష్‌బాబునీ దాటుకుని, తడిక తోసుకుని వీధిలో పడింది.

ఆ వీధి అరుగుల మీద మధ్యాహ్నం పూట ఆడవాళ్లు కూర్చుని లేసు అల్లుతారు. దూడ ఒక అరుగెక్కి, ఒక దారపుండని కాలికి తగిలించుకుని, ఇంకో అరుగు దిగింది. వెనక మాస్టారు, ఆయన వెనక గణేష్‌బాబు, ఆ వెనక పంచె ఎగగట్టి చంద్రరావుగారు.

"ఏవండీ మాస్టారూ, లెక్క తప్పిందా?" అంది ఒకామె.

"లెక్క కాదు, దూడ తప్పింది," అంది పక్కామె. "ఆ పెద్దాయన ఎవరో, పరుగు బాగుంది."

ఆ పరుగులోనే విజయ్ పాల్ జేబులో ఫోను టింగుమంది. దూడ తోక అందీ అందకుండా ఉన్నప్పుడు ఫోను ఎవడు చూస్తాడు?

కాలవగట్టు దగ్గర అది తనంతట తానే ఆగింది. ఆగి, మెడలోంచి వేలాడుతున్న వైరు కొసని నోట్లోకి లాక్కుని తీరిగ్గా నమలడం మొదలుపెట్టింది. అందుకునేసరికి నీలం తల నుజ్జయిపోయింది. రెండు మరల్లో ఒకటి లేదు. ఒగరుస్తూ వచ్చిన బేబి గారు గుండె మీద చెయ్యి వేసుకుంది. "నా దూడకేమన్నా అయితే ఎవరిదండీ పూచీ?"

చంద్రరావుగారు దూడ దవడ ఒడిసిపట్టి, నోరు తెరిచి, నాలిక కిందకి వేలు పోనిచ్చి మర బయటికి తీశారు. ఆ మూడు రోజుల్లో ఆయన విద్య పనికొచ్చింది అక్కడొక్కచోటే.

తగువు మాత్రం తెగలేదు. వైరు పాడైంది మీ వల్లేనని మాస్టారు, కట్టింది మీరేనని చంద్రరావుగారు. ఇక ఛస్తే అమ్మనన్నాడు మాస్టారు. పలుపు విప్పి పంపిన జీవం మళ్లీ ఈ గడప తొక్కకూడదని, తెస్తే ఒప్పుకోనని బేబి గారు అడ్డం కూర్చుంది. వెలగనిదాన్ని నేను కొననని చంద్రరావుగారు తేల్చేశారు. అమ్మేవాడు అమ్మడు, వెనక్కి తీసుకునేవాళ్లు తీసుకోరు, కొనేవాడు కొనడు. ఆ సాయంత్రం ఆ కంప్యూటరు ఎవరిదీ కాదు.

తిరుగు పంటు మీద చంద్రరావుగారు గోదారి వైపు తిరిగి ఒక మాటన్నారు. "రేపు పొద్దున్నే దాన్ని తెచ్చి అవతలి రేవులో దించి వచ్చేస్తాను. ఎవరికి కావాలంటే వాళ్లు తోలుకుపోతారు."

"అదీ నిజమేలే," అన్నాడు గణేష్‌బాబు. అచ్చాయమ్మ కళ్లు మూసుకుంది. ఉద్యోగం సంగతి కోడలికి ఎలా చెప్పాలో ఆవిడ ఒక్కతే ఆలోచిస్తోంది.

దీపాలు పెట్టే వేళకి ఆటో ఇంటి ముందు ఆగింది. వంటింట్లోంచి రైస్ కుక్కర్ ఆవిరి వాసన వస్తోంది. గోడ మీద పెద్దింట్లమ్మ కుక్కర్ వైరు చుట్ట చుట్టి పెట్టి ఉంది. ముందు గదిలో తెర మీద నీలాకాశం లేదు. బారుగా గళ్లు, గళ్లలో ఊళ్ల పేర్లు, పూతరేకుల డబ్బాల లెక్కలు. హారతి కుర్చీలో కూర్చుని టకటక కొడుతోంది. ఆ కుర్చీ మామగారి మడత కుర్చీయే.

నలుగురూ గుమ్మంలో నిలబడిపోయారు.

"ఎప్పుడు చేపింది?" అన్నారు చంద్రరావుగారు.

"మీరు అక్కడ విస్తళ్ల ముందు కూర్చుని ఉంటారు, అప్పటికేనండి."

"తాడు?"

"మలికిపురం వెళ్లి మూడూ కొత్తవి కొనుక్కొచ్చానండి."

"కొనాలో వద్దో నేనింకా తేల్చలేదే."

"నేను తేల్చేశానండి. మీరు ఒప్పుకున్న ధరే, నా చీటీ పాట డబ్బులోంచి మధ్యాహ్నం మాస్టారి ఫోనుకి పంపేశాను. ఆయన ఇందాకే చూసుకున్నారంట. అందినట్టు మెసేజ్ పెట్టారు."

చంద్రరావుగారు పంచె అంచుకి అంటిన కాలవ బురద దులుపుకున్నారు. పీక్కుపోయిన మొహంతో ఉన్న కొడుకునీ, చెప్పు తెగిన పెద్దింట్లమ్మనీ చూశారు. మెల్లగా కోపం వచ్చింది. ఈసారి ఎవరి మీద రావాలో దానికీ తెలిసినట్టు లేదు.

"ఇంత తెలిసినదానివి, మమ్మల్నందర్నీ పోగేసి అంత దూరం ఎందుకు పంపావమ్మా?"

హారతి తెర మీంచి చూపు తిప్పలేదు.

"మీరంతా ఇంట్లో ఉంటే ఇది వెలగదండి."